ఏడంగుళాల పెట్రోలు ట్యూబు

1964 సెప్టెంబరు 10, గురువారం. హోసూరు. ఉదయం ఎనిమిదింబావు.

హాజరైనవారు: మా ఆఫీసరు, బస్టాండు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న మోటారుసైకిలు మేస్త్రీ, మత్తిగిరిలో పశువుల మందుల అంగడి నడిపే ఆఫీసరుగారి స్నేహితుడు, నేను.

విషయం: ఆఫీసరుగారి మోటారుసైకిలుకు కొత్త పెట్రోలు ట్యూబు ఎంపిక.

ఆనాటి డైరీలో ఎలా రాసుకున్నానో అలాగే పైన దించాను. ఏడంగుళాల ట్యూబు ముక్క ఒకటి ఎంచడానికి నలుగురు పెద్దమనుషులు గంటా నలభై నిమిషాలు కూర్చున్నారు. ఆ నలుగురిలో ఇద్దరికి మోటారుసైకిలు గురించి ఏమీ తెలియదు. మూడోవాడు మేస్త్రీ, అతనికి తెలియకపోవడం మరీ వింత. నాలుగోవాడిని నేను. నాకు తెలుసు.

మాది పట్టుపురుగుల గుడ్లు రైతులకు పంచే చిన్న ఆఫీసు. రెండు గదులు, ఒక చల్లటి కొట్టు. రిజిస్టర్లు రాసేది నేనే, గుడ్లను కనిపెట్టుకొని ఉండేదీ నేనే. సీతాకోకలు కాగితాల మీద గుడ్లు పెడతాయి. పదో రోజు దగ్గరపడే సరికి గుడ్డు లోపల పురుగు తల ఏర్పడి గుడ్డంతా నీలం తిరుగుతుంది. అలా తిరిగిన మర్నాడు తెల్లవారుతూనే పిల్లలు బయటికి వస్తాయి. ఆ లోపల కాగితాలు రైతు ఇంటికి చేరాలి. చల్లటి పూట తీసుకుపోవాలి, తడిగుడ్డ కప్పాలి, ఏ వాసనా సోకనివ్వకూడదు. తాలింపు ఘాటు పనికిరాదు, నశ్యం పనికిరాదు, తలకు రాసుకున్న వాసన నూనె కూడా పనికిరాదు. ఇవన్నీ మా గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి వేలాడదీశారు. ఆఫీసరుగారి కుర్చీ సరిగ్గా దాని కిందే ఉండేది. అందుకే ఆయన దాన్ని ఎప్పుడూ చదవలేదు.

ఆ గురువారం ఉదయం కొట్టు తెరిచి చూస్తే యాభై కాగితాల గుడ్లు నీలం తిరిగి ఉన్నాయి. అవి మత్తూరుకు ఈవల పల్లెలో ఉండే ఒకావిడకు చేరవలసినవి. యాభై ఏళ్లు దాటిన మనిషి. భర్త పోయాక మరుదులతో కలిసి ఉన్న భూమిలో ఒక ఎకరం అడిగి తీసుకొని మల్బరీ వేసింది. అంతకుముందు పంట సున్నపు రోగం వచ్చి పోయింది. పురుగులు తెల్లగా గట్టిపడి తట్టల్లోనే రాలాయి. ఇంకొక్కసారి చూస్తానని, ఈసారి కూడా గూళ్లు చేతికి రాకపోతే చెట్లు పెరికి వేరుశనగ వేసుకోమని ఆవిడ పెద్ద మరిదికి నలుగురి ముందు మాట ఇచ్చింది. ఆ సంగతి ఆఫీసుకు వచ్చినప్పుడు నాకూ చెప్పింది, ఆఫీసరుగారికీ చెప్పింది. నేను రాసుకున్నాను. ఆయన తల ఊపారు.

ఇక మోటారుసైకిలు. మూడువందల యాభై సీసీ బండి, ముదురు ఎరుపు ట్యాంకు. ట్యాంకు అడుగున ఒక కుళాయి ఉంటుంది. దాని నుంచి కార్బొరేటరుకు పెట్రోలు పోవడానికి ఒక ట్యూబు. అంతే. దాని లోపలి రంధ్రం ఒక పెన్సిలంత. పొడవు ఏడంగుళాలు. ఇంకా పొడవైతే వంగి వేడి ఇంజను రెక్కలకు తగులుతుంది, పొట్టిదైతే కుదుపులకు ఊడుతుంది. వంచితే మడత పడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పెట్రోలులో నానినా మారకూడదు. పాత ట్యూబు బుధవారం పగిలింది. ఆఫీసరుగారి తెల్ల ప్యాంటు మీద మరక పడింది కాబట్టి అది పగిలిందని ఆయనకు తెలిసింది.

ఈ విషయం నాకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు. 1957లో అప్పటి ఆఫీసరు బండికి ఇలాగే ట్యూబు పోతే, ఒక కాంపౌండరు దగ్గర మామూలు రబ్బరు ట్యూబు అడిగి తెచ్చి వేసింది నేనే. కెలమంగలం దారిలో అది వానపాములా ఉబ్బి కుళాయి నుంచి జారిపోయింది. ఎండలో నాలుగు మైళ్లు ఇద్దరం బండి నెట్టాం. తప్పు చేశాను, రాసుకున్నాను, మళ్లీ చేయలేదు. మనుషుల్లో ఎక్కువమంది మొదటి పని మాత్రమే చేస్తారు.

ఆ తర్వాత ఒకసారి పనిమీద కృష్ణగిరి వెళ్లినప్పుడు లారీ సామాన్ల అంగడిలో సరైన ట్యూబు అడిగి తెచ్చాను. నల్లటిది. పైన నూలు అల్లిక, లోపల పెట్రోలు తినలేని రకం రబ్బరు. ఆ అంగడివాడు ముందు లారీలకు వేసే లావుది ఇచ్చాడు. నేను జేబులోంచి పెన్సిలు తీసి దూర్చి చూపించి, వద్దన్నాను. అతను మూడు పెట్టెలు కిందికి దించాడు. మూడో పెట్టెలో దొరికింది. దాన్ని ఏడంగుళాలకు కోయించి, ఒక రోజంతా పెట్రోలులో నానబెట్టి, తీసి కొలిచాను. వెంట్రుకవాసి కూడా మారలేదు. కాగితంలో చుట్టి, పైన తారీఖు వేసి, ఆఫీసు బీరువాలో పెట్టాను. ఎప్పుడో ఒకప్పుడు కావలసి వస్తుందని నాకు తెలుసు.

సమావేశం ముందు నేను చెప్పిన మాట ట్యూబు గురించి కాదు, బస్సు గురించి. పన్నెండున్నరకు కృష్ణగిరి బస్సు ఉంది. అక్కడ మారితే నాలుగున్నరకు మత్తూరు. గుడ్ల పెట్టె ఒళ్లో పెట్టుకొని నేనే తీసుకుపోతానన్నాను. ఆఫీసరుగారు నవ్వారు. బస్సులో బీడీ పొగ ఉంటుందని, గుడ్లకు అది ప్రమాదమని నాకు పాఠం చెప్పారు. ఆ మాట నిజమే. కానీ ఆయన మనసులో ఉన్నది బీడీ పొగ కాదు. సోమవారం పై అధికారి మత్తూరు వైపు వస్తున్నారు. ఆఫీసరే స్వయంగా మోటారుసైకిలు మీద గుడ్లు తెచ్చి ఇచ్చారని ఊళ్లో నలుగురు అనుకోవాలి, ఆ మాట పైవారి చెవిన పడాలి. నన్ను మాత్రం రిజిస్టర్లు తీసుకొని బస్సులో రమ్మన్నారు. రిజిస్టర్లకు పొగ పట్టినా ఫరవాలేదు కాబోలు.

మేస్త్రీ తన సరుకుతో వచ్చాడు. మొదట సైకిలు వాల్వుకు వేసే సన్న ట్యూబు తీశాడు. అది పెన్సిలుకే కాదు, అగ్గిపుల్లకు కూడా ఎక్కదు. దాన్ని సాగదీసి సాగదీసి ఎక్కించవచ్చని పది నిమిషాలు వాదించి, సాగదీసి, తెంచుకున్నాడు. తరువాత అద్దంలా కనబడే ప్లాస్టిక్ ట్యూబు తీశాడు. లోపల పెట్రోలు పోతుంటే చూడవచ్చునని దాని గొప్ప. పెట్రోలు పోతుంటే చూసి ఏం చేయాలో అతను చెప్పలేదు. ఆఫీసరుగారికి అది నచ్చింది కానీ, వంచితే మధ్యలో మడతపడి మూసుకుపోయింది. నేను వంచి చూపించాను. అంతవరకు ఎవరికీ వంచి చూడాలని తోచలేదు.

అప్పుడు నేను బీరువా తెరిచి నల్ల ట్యూబు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆఫీసరుగారు దాన్ని రెండు వేళ్లతో, ముట్టకూడనిదాన్ని ముట్టినట్టు ఎత్తి చూశారు.

"ఇదేందప్పా, దీపం వత్తి మాదిరి ఉండాది. లారీవాళ్ల సరుకు మన బండికి వేస్తే సూసేదానికి బాగుంటాదా?"

సరిపోతుందని, కొలిచి తెచ్చానని, నానబెట్టి చూశానని చెప్పాను. మందుల అంగడి పెద్దమనిషి అప్పటిదాకా వక్కాకు నములుతూ కూర్చున్నాడు. ఆయన ఆఫీసరుగారితో సాయంత్రాలు పేకాడేవాడు. ఆ అర్హతతోనే ఈ సమావేశానికి వచ్చాడు. చేతిసంచిలోంచి కొత్త ట్యూబు చుట్ట ఒకటి తీసి బల్ల మీద దొర్లించాడు. ఎర్రటి రబ్బరు, నున్నగా మెరుస్తోంది. పశువులకు సీసాతో నరంలోకి మందు ఎక్కించే ట్యూబు అది. దూర దేశం సరుకని అన్నాడు.

మేస్త్రీ దాన్ని లాగాడు, మెలిపెట్టాడు, ఆఖరికి నోట్లో పెట్టుకొని కొరికాడు. అతని పరీక్షా విధానం అదే. బండిలో ఏ వస్తువు మంచిదో చెడ్డదో పంటితో తేల్చేవాడు. "పల్లు దిగల్యా సార్," అన్నాడు. పెట్రోలుకు పళ్లు ఉండవని అతనికి ఎవరు చెప్పాలి?

ఆఫీసరుగారు ఎర్ర ట్యూబు చేతపట్టుకొని బయటికి వెళ్లి ట్యాంకు పక్కన ఆనించి చూశారు. మేమూ వెనకాలే వెళ్లాం. తల కొంచెం వెనక్కి వంచి, పెళ్లి చీరకు రవిక గుడ్డ చూసే ఆడవాళ్లలా చూశారు. రంగు కుదిరింది. ఆయన ముఖం విప్పారింది. అంతటితో ఎంపిక అయిపోయింది.

నేను ఒక్కసారే చెప్పాను. "సార్, ఈ రబ్బరు పెట్రోల్లో ఉబ్బిపోతాది. కెలమంగలం దావలో నేను సూసినాను."

ఆఫీసరుగారు స్నేహితుడి వైపు చూశారు. ఆయన వక్కాకు ఉమ్మి వచ్చి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నాకు చెప్పాడు.

"ఈ ట్యూబులో పోయే మందు ఆవు నెత్తుర్లోకి పోతాదప్పా. నెత్తుర్లోకి పోయేదానికి పనికొచ్చింది, పెట్రోలుకు పనికిరాదా?"

ముగ్గురూ నవ్వారు. తెలివితక్కువ మాటకు జవాబు చెప్పవచ్చు. ఇది అంతకన్నా కింది మెట్టు. నేను లోపలికి వచ్చి నోటు పుస్తకంలో రాశాను: "ఎర్ర ట్యూబు పనికిరాదని నేను చెప్పాను. అంగీకరించలేదు." పక్కన సంతకం పెట్టుకున్నాను. ఆ సంతకం పెట్టినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది.

మేస్త్రీ కోసి పారేసిన ఎర్ర ముక్క ఒకటి మెట్ల మీద పడి ఉంది. దాన్ని స్కేలుతో కొలిచాను. సరిగ్గా ఒక అంగుళం. ఖాళీ సిరాబుడ్డిలో కొంచెం పెట్రోలు పోసి, అందులో వేసి, సమయం రాశాను. తొమ్మిదీ యాభై ఐదు. మేస్త్రీ ట్యూబు ఎక్కించి రెండు చివర్లా సన్న తీగతో బిగించాడు. రేకు పట్టీలు పెట్టాలి, తీగ మెత్తటి రబ్బరును కోస్తుంది. అది చెప్పలేదు. ఒక్కసారే చెబుతానని ముందే నిర్ణయించుకున్నాను, ఆ ఒక్కసారీ అయిపోయింది.

ఆ తర్వాత గుడ్ల పెట్టె ఎక్కడ కట్టాలన్న దాని మీద మరో చర్చ జరిగింది. వెనక సీటుకు కడితే ఎగురుతుందని, బండికి కుడివైపు వేలాడే ఖాకీ సంచిలో పెట్టారు. పెట్రోలు కుళాయికి ఆ సంచి సరిగ్గా మూరెడు వెనక, మూరెడు కింద. పదకొండూ ఇరవైకి నేను సిరాబుడ్డి చూశాను. అంగుళం ముక్క అంగుళమూ రెండు గీతలు అయింది. అంచు మెత్తబడి మెరుస్తోంది. కిటికీలోంచి చూస్తే ఆఫీసరుగారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటున్నారు. స్నేహితుడు పక్కన నిలబడి ట్యాంకును చేత్తో నిమురుతున్నాడు. ఆ బుడ్డి పట్టుకొని పది అడుగులు వేస్తే చాలు. నేను బుడ్డికి మూత బిగించి, కొలత రాసుకున్నాను. పదకొండున్నరకు బండి పోయింది. నడిఎండ. చల్లటి పూట అన్న మాట గోడ మీదే ఉండిపోయింది.

బీరువా మూసే ముందు నల్ల ట్యూబు కాగితంలో చుట్టి, రెండు పట్టీలతో సహా, నా చేతిసంచిలో వేసుకున్నాను. అవసరం పడుతుందని నాకు తెలుసు. అడుగుతారని, అడిగినప్పుడు తీసి ఇవ్వవచ్చని అనుకున్నాను. అడగకుండా ఇవ్వాలని మాత్రం అనుకోలేదు.

బస్సు పన్నెండూ నలభైకి కదిలింది. బీడీ పొగ ఉంది, ఆఫీసరుగారు చెప్పినట్టే. శూలగిరి దాటాక గుట్ట మలుపులో చింతచెట్టు కింద ఎర్ర ట్యాంకు కనబడింది. ఆఫీసరుగారు తెల్ల ప్యాంటుతో మట్టిలో గొంతుక్కూర్చొని, రుమాలు చింపి కుళాయి దగ్గర కట్టు కడుతున్నారు. జబ్బు గొడ్డుకు కట్టు కట్టే స్నేహితుడి విద్య ఆయనకు అబ్బినట్టుంది. ట్యూబు తీగ దగ్గర తెగి, కింద బొడ్డుతాడులా వేలాడుతోంది. ఖాకీ సంచి బండికే ఉంది. దాన్ని తీసి చెట్టు నీడన పెట్టాలని ఆయనకు తోచలేదు.

కండక్టరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చాలు, బస్సు ఆగేది. సంచి నా ఒళ్లో ఉంది, సంచిలో ట్యూబు ఉంది. ఆయన తల ఎత్తి బస్సును చూశారు, కిటికీలో నన్ను చూశారో లేదో తెలియదు. నేను గడియారం చూసి రాసుకున్నాను: "ఒకటీ నలభై ఐదు. శూలగిరి మలుపు. ట్యూబు తెగింది." ఆ అక్షరాలు బస్సు కుదుపుకు వంకర పోయాయి కానీ, స్పష్టంగా చదవవచ్చు.

మత్తూరులో దిగి పల్లెకు నడిచేసరికి ఐదైంది. ఆవిడ పురుగుల ఇల్లు పేడతో అలికి, గోడలకు సున్నం కొట్టి, తట్టలు ఎండబెట్టి లోపల సర్దింది. గడప దగ్గర బూడిద చల్లి, కాళ్లు కడుక్కోవడానికి చెంబు పెట్టింది. లేత ఆకు కోసి తడిబట్టలో కప్పి ఉంచింది. మూడు రోజులుగా ఇంట్లో మిరపకాయ వేయించలేదని, తలకు నూనె పెట్టుకోలేదని చెప్పింది. పెద్ద మరిది వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. చూడడానికి వచ్చాడు. గుడ్లు ఏవని ఆవిడ నన్ను అడిగింది. ఆఫీసరుగారు తెస్తున్నారన్నాను. బండి మీద వస్తున్నారంటే ఆవిడకు సంతోషమైంది. అంతటి మనిషి తన కోసం స్వయంగా తెస్తున్నాడని మరిది వినేలా రెండుసార్లు అంది.

ఆరుంబావుకు ఆఫీసరుగారు వచ్చారు. కనబడక ముందే వాసన వచ్చింది. రుమాలు కట్టు దారి పొడుగునా కారుతూనే ఉంది. కారిన పెట్రోలు గాలికి వెనక్కి కొట్టుకొని ఖాకీ సంచి మీద పడింది. సంచి నల్లబడి ఉంది. ఆయన పెట్టె రెండు చేతులా ఎత్తుకొని, అందరికీ కనబడేలా, గడప వైపు నడిచారు.

"ఆడే ఉండండి సామీ," అంది ఆవిడ. "ఆ పెట్టె లోపలికి రాకూడదు."

ఆయనకు అర్థం కాలేదు. చెప్పులు విప్పాలేమోననుకొని విప్పారు. ఆవిడ వచ్చి పెట్టె అందుకొని, వాకిట్లోనే మూత తీసి, ఒక కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంది. తరువాత కాగితాలన్నీ చాటల్లో ఒక్కొక్కటిగా పరిచి గాలి వాటున పెట్టింది. చీకటి పడేదాకా విసనకర్రతో విసురుతూ కూర్చుంది. ఆఫీసరుగారు దారిలో తాను పడ్డ కష్టం చెబుతూ ఉన్నారు. పెట్రోలు గాలికే ఆరిపోతుంది, పొద్దునకు ఏమీ ఉండదు అని కూడా అన్నారు. పడుకోవడానికి ఆయన ఊళ్లో తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లారు. నాకు ఆవిడ వాకిట్లో చాప వేసింది.

మర్నాడు పొద్దున ఐదున్నరకు ఆవిడ చాటల మీది గుడ్డ తీసింది. పిల్లలు రావలసిన సమయం అది. మంచి గుడ్లయితే అరగంటలో కాగితం నిండా నల్లగా చీమల్లా కదులుతాయి. ఆరు దాకా చూశాం. యాభై కాగితాల్లో మూడింటి అంచుల్లో కొన్ని వచ్చాయి. ఆవిడ లేత ఆకును సన్నగా తరిగి వాటి పక్కన చల్లింది. అవి తల ఎత్తాయి కానీ ఆకు వైపు పోలేదు. ఉన్నచోటే ముడుచుకున్నాయి. మిగతావి నీలంగానే ఉండిపోయాయి. ఆవిడ ఇంకొంచెం ఆకు తరిగింది. మళ్లీ చల్లింది.

నేను సమయం రాయడానికి సంచిలోంచి డైరీ తీశాను. దానితోపాటు కాగితం చుట్ట జారి, నల్ల ట్యూబు, రెండు పట్టీలు కింద పడ్డాయి. ఆవిడ ట్యూబు ఎత్తి చూసింది. నిన్న సాయంత్రమంతా ఆఫీసరుగారు తెగిన ట్యూబును అందరికీ చూపించారు కాబట్టి, అదేమిటో ఆవిడ పోల్చుకుంది.

"ఇది నిన్న నీ సంచిలోనే ఉన్నిందా అప్పా?"

"ఉన్నిందమ్మా."

"దావలో ఆయప్పను సూసినావా?"

"బస్సులోనించి సూసినాను."

ఆవిడ నా చేతిలోని డైరీని కూడా ఒకసారి చూసింది. ఆ లోగా ఆఫీసరుగారు వచ్చారు, ముఖం కడుక్కొని, తల దువ్వుకొని. ఆవిడ ఆయనకు మంచం వాల్చి, చెంబుతో మజ్జిగ ఇచ్చింది. గుడ్లు పోయినాయి సామీ అని మెల్లగా చెప్పింది. ఆయన చాలా బాధపడ్డారు, వచ్చే నెల కొత్త గుడ్లు తానే తెస్తానన్నారు. ఆవిడ సరేనంది. నాకు మజ్జిగ ఇవ్వలేదు. నేను చెంబు వైపు చూసినట్టున్నాను.

"ఆయప్పకు తెలీదు," అంది ఆవిడ నాతో. "నీకు తెలుసు."

తరువాత నల్ల ట్యూబు ఆయన చేతికిచ్చి, ఇది మీ బండికి సరిపోతుందంట సామీ అని చెప్పింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. బీరువాలోంచి తెచ్చి తన బల్ల మీద పెట్టినది ఇదేనని ఆయనకు గుర్తు రాలేదు. కూర్చొని తానే ఎక్కించారు, పట్టీలు నేను బిగించాను. కుళాయికి, కార్బొరేటరుకు అచ్చు పోసినట్టు కుదిరింది. మొదటి తన్నుకే బండి అందుకుంది. "బలే ట్యూబు దొరికిందే," అన్నారు ఆఫీసరుగారు. "ఎక్కప్పా, హోసూర్లో దించుతాను."

బస్సులో వస్తానన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని పోయారు. ఆవిడ తరిగిన ఆకు మేకలకు వేసి, చాటలు కడుగుతోంది. నేను వెళ్తానని చెప్పాను. వినలేదో, విన్నా తల ఎత్తలేదో తెలియదు. పెద్ద మరిది గోడకు ఆనించిన గడ్డపార తీసుకొని మల్బరీ తోటలోకి దిగాడు. ఆవిడను ఏమీ అడగలేదు. ఇచ్చిన మాట ఇద్దరికీ గుర్తుంది.

మత్తూరులో బస్సు ఎనిమిదీ నలభైకి. ఎనిమిదికి నడక మొదలుపెట్టాను. అప్పటికి గడ్డపార మొదటి వరస దాటింది.